సగం పులి, చోడి అంబలి

ఇవాళ రంగుల డబ్బాల్లో అమ్ముతున్న బలమంతా మా కాలంలో మట్టికుండల్లో ఉండేది. కుండ మీద బొమ్మ లేదు కనక దానికి గౌరవమూ లేదు. ఈ మాట బరంపురంలో పొద్దున్నే నడకకొచ్చే పెద్దమనుషులతో అంటే నవ్వుతారు. నవ్వనీండి. మొన్న వాళ్ళలో ఒకాయన (బ్యాంకులో పెద్ద కుర్చీలో కూర్చుని దిగినాయన, ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని సిమెంటు బల్ల మీద కూర్చుంటాడు) సంచీలోంచి డబ్బా తీసి, అందులోని మట్టిరంగు పొడి నాకు చూపించి, "ఇది రాగి పిండండీ. దీన్లో కాల్షియం ఉంటుంది, ఐరన్ ఉంటుంది. జావ కాచి పెరుగు కలుపుకు తాగితే ఒంటికి చాలా మంచిదని మా డాక్టరమ్మ చెప్పింది. మీ కాలం వాళ్ళకి ఇవన్నీ తెలియవు" అన్నాడు. నాకు తెలియవా! నాకా! ఇదే ఊళ్ళో, తిరగేసిన రోలు మీద నిలబడి, రెండు వీధుల జనం ముందు, గొంతు చించుకుని ఈ మాటే చెప్పినవాణ్ణి నేను. ఆ ఉపన్యాసం పూర్తి కాలేదు, అది వేరే సంగతి. "మరి మూడోది?" అని అడిగాను. ఆయన డబ్బాని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. పాపం, డబ్బా మీద మూడోది ఉండదు. ఇంటికొచ్చి, కోపం దిగక, ఇది రాయడానికి కూర్చున్నాను.

మాది చికిటి దగ్గర పల్లె. బడిలో నా చదువు ఎక్కువ దూరం నడవలేదు. మీసం రాకముందే మా అప్ప (అక్కని మా వైపు అప్ప అంటాం) కాపురం చేస్తున్న బరంపురం వచ్చి, ఒక కిరాణా కొట్లో పొట్లాలు కట్టే పనిలో కుదిరాను. నా అసలు చదువు అక్కడే. పాత పత్రికలు, చినిగిన పుస్తకాలు, పరీక్ష తప్పినవాళ్ళు విసిరేసిన పాఠాలు మణుగుల లెక్కన కొట్టుకొచ్చేవి. జీలకర్ర కట్టేముందు ఆ కాగితం చదివేవాణ్ణి, ధనియాలు కట్టేముందు ఇంకోటి. తెలుగూ ఒడియా రెండూ. వచ్చినవాళ్ళు "ఒరే, సరుకు కడతావా, సదువుకుంటావా?" అని అరుస్తూండేవారు. చంద్రగ్రహణం నుంచి పశువుల గాలికుంటు రోగం దాకా నాకు తెలియని విషయం ఉండేది కాదు, కాకపోతే ప్రతి విషయమూ కాగితం చినిగిన చోటే ఆగిపోయేది. అందుకే వీధిలో నాకు పొట్లం పండితుడని పేరు పెట్టారు. వెక్కిరింపుకి పెట్టారని పదిమందీ అంటారు. నేను మాత్రం అందులో పండితుడన్న ముక్కనే పుచ్చుకున్నాను.

ఇక మా బావ. అప్ప మొగుడు. బియ్యం మిల్లులో పని. తాటిదూలంలాంటి మనిషి, మనసు మాత్రం వెన్న. ఆయన కూతురు ఏడాది పిల్లగా ఉన్నప్పుడు అమ్మవారు పోసి, కళ్ళు తెరవకుండా పడివుంటే, ఠాకురాణి యాత్రకి పులి వేషం కట్టి ఆడతానని మొక్కుకున్నాడు. తెలియనివాళ్ళకి చెబుతున్నాను, మా ఊరి అమ్మవారు రెండేళ్ళకోసారి చైత్రమాసంలో పుట్టింటికొస్తుంది. ఆ రోజుల్లో మొక్కున్నవాళ్ళు రకరకాల వేషాలు కడతారు. అన్నిట్లోకీ కష్టం పులి వేషం. ఒళ్ళంతా పసుపుపచ్చ రంగు పూసి, నల్లచారలు గీసి, తోక కట్టి, ఎర్రటెండలో వీధి వీధీ ఆడుకుంటూ పొద్దుగుంకేలోగా అమ్మవారి ముందుకు చేరాలి. పిల్ల లేచి ఆడుకుంది. బావ పులి కట్టాడు. వాళ్ళమ్మ (నాకు అత్త వరస) కొడుక్కి బలం రావాలని తెల్లవారినప్పటినుంచి లోటాల కొద్దీ బాదంపాలు పట్టించింది. సగం దారిలో, జనం చూస్తూండగా, పులి చేతులతో పొట్ట పట్టుకుని మురుక్కాలవ పక్కన కూలబడి, బాదంపాలన్నీ కక్కేసింది. నలుగురూ మోసుకొచ్చి ఇంట్లో పడేశారు. మొక్కు సగంలో ఆగిపోయింది. ఆనాటినుంచి వీధివాళ్ళు మా బావని సగం పులి అన్నారు. మిల్లులో అన్నారు, మంగలి దగ్గర అన్నారు, ఆఖరికి కూరలమ్ముకునే ఆవిడ కూడా "ఏటి సగం పులీ, వంకాయలు కావాలేటి?" అనేది. బావ నవ్వేసేవాడు. అప్ప మాత్రం రాత్రి పిల్ల ఒళ్ళు వెచ్చగా తగిలితే చాలు, సగం మొక్కు గుర్తొచ్చి ఉలిక్కిపడి లేచేది.

మళ్ళీ యాత్ర వచ్చింది. ఇంట్లో పులి తిండి మీద పంచాయితీ పెట్టారు. అత్త అప్పటికే బాదంపప్పు నానబోసింది. సరిగ్గా అప్పుడే నాకు, ఇంగువ కడుతుంటే, ఒక కాగితం దొరికింది. చోళ్ళలో (అవే రాగులు) సున్నపు సత్తువ హెచ్చనీ, ఇనుము ఉంటుందనీ, పులియబెట్టి పెరుగు కలిపిన అంబలి వేసవిలో చలవ చేస్తుందనీ, దీనికి తోడు మరియొక ముఖ్య గుణమేమనగా... అనీ ఉంది. అక్కడికి కాగితం చినిగింది. చినిగితే చినిగింది, రెండు గుణాలు చాలవా? ఇంటికి పరుగెత్తాను.

"అత్తా, బావకి ఈసారి బాదంపాలొద్దు. సోడి అంబలి పట్టండి" అన్నాను.

అత్త నన్ను కింద నుంచి మీద దాకా చూసింది. "పులికి అంబలేటిరా గుంటడా?"

"మరి అడవిలో పులికి బాదంపాలు ఎవులు కాసి పోత్తన్నారత్తా?"

"నోరు ముయ్యి! అంబలి కూలోళ్ళ కూడు. నాలుగు ఈదులోళ్ళు సూత్తారు. నా కొడుకు అంబలి తాగి ఆడినాడంటే నా పరువేటవుతాది?"

"పోనసారి పరువు కాలవలో పడింది కదత్తా, దానికంటేనా?"

చీపురు ఎగిరొచ్చింది. తప్పుకున్నాను. అప్ప మధ్యలో నిలబడి, నా మొహంలోకి చూస్తూ, "ఒరే తమ్ముడూ, ఇది నీ పొట్లాల కబుర్లు కాదు. ఈసారి కూడా పడిపోనాడంటే ఆ మొక్కు ఇంకెన్నటికి తీరతాదో. నాను పిల్లని ఒళ్ళో ఎట్టుకుని బయపడతా బతకనేను. నిజం సెప్పు, నువ్వు సదివినావా, నీ బుర్రలోంచి తీసి సెప్తన్నావా?" అంది. కాగితం చూపించాను. అప్పకి చదువు రాదు. అయినా ఆ కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు చూసింది. ఇంతలో బావ, అంతదాకా గోడకి చేరబడి గోళ్ళు చూసుకుంటున్నవాడు, నెమ్మదిగా, "అమ్మా, నాకు అంబలే ఇష్టం. నీకు సెప్పనేకపోనాను" అన్నాడు. దాంతో తేలిపోయింది. అత్త నా వైపు వేలు చూపించి, "నా కొడుకు మళ్ళీ సగంలో పడిపోనాడంటే నిన్ను ఆ సాయంత్రమే సికిటి బస్సెక్కించేత్తాను. మళ్ళీ నీ మొకం, నీ పొట్లాలు ఈ ఊళ్ళో కనబడకూడదు" అంది. సరేనన్నాను. అప్పటికి నాకు బరంపురం తప్ప లోకం లేదు, పల్లెకి పోతే చదవడానికి పొట్లమైనా లేదు. అయినా సరేనన్నాను. కాగితం మీద అంత నమ్మకం.

అంబలి నేనే కాచాను (అప్ప పక్కన నిలబడి గరిటె లాక్కుంటూనే ఉంది, అయినా కాచింది నేనే). చోడిపిండి ముందే నానబెట్టి, కుండలో పులిసి, వాసన ముక్కుకి సన్నగా తగిలేదాకా ఉంచి, నూకలు ఉడుకుతున్న నీళ్ళలో పోసి కలియబెట్టాం. ఉండ కట్టకుండా కలపాలంటే భుజం పోతుంది. చల్లారాక గేదె పెరుగు చిలికి పోశాం. మొక్కులో ఉన్న మనిషి కనక ఉల్లిపాయ వెయ్యలేదు, దంచిన అల్లం, కరివేపాకు, ఉప్పు. ఆ రంగు చూస్తే ఎవరికీ ఏమీ అనిపించదు, గోడకి పూసే మట్టిలా ఉంటుంది. గొంతు దిగాక తెలుస్తుంది. ఎండలో నడిచొచ్చినవాడి కాళ్ళకింద ఎవరో తడిగుడ్డ పరిచినట్టుంటుంది. బరంపురంలో సగం ఊరు మధ్యాహ్నం పెరుగు పఖాళ (నీళ్ళలో నానిన చద్దన్నం) తింటుంది, మావాళ్ళు అంబలి తాగుతారు. ఆ తరవాత ఊళ్ళో ఏం జరుగుతుందో ఇక్కడ పుట్టిన పసిపిల్లకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ వేళ నేను కాగితంలో ఉన్నది మాత్రమే ఆలోచిస్తున్నాను.

తెల్లవారుజామునే రంగుల తాత వచ్చాడు. ఆయన చెయ్యి పడని పులి ఆ చుట్టుపక్కల లేదు. అరుగు మీది రెండు స్తంభాలకి అడ్డంగా వెదురు కట్టించి, బావ చేతులు రెండూ దానిమీద ఆరేసిన పంచెలా వేయించి, నిలబెట్టి పూయడం మొదలెట్టాడు. పొట్ట మీద పులి మొహం, వీపు మీద చారలు, బుగ్గల మీద మీసాలు. "కదలకు. ఊపిరి కూడా సూసి పీల్సు. సార వంకర తిరిగిందా, పులి కాదు, పిల్లి అవుతాది" అని గదమాయిస్తూ పెదాల దాకా వచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. ఆఖర్న తోక కట్టాడు. తోక కట్టాక మనిషి మనిషి కాదు, అమ్మవారి పులి. ఇక పేరు పెట్టి పిలవకూడదు, తిట్టకూడదు, మొక్కు తీరేదాకా ముట్టుకోకూడదు, నీళ్ళ చుక్క పడకూడదు. పెదాల రంగు చెదరకుండా అంబలి ఎలా పట్టాలన్నది సమస్య. దానికి ఉపాయం నాదే. బొప్పాయి ఆకు కాడ కోసుకొచ్చాను. లోపల బోలుగా ఉంటుంది. ఒక కొస కుండలో పెట్టి, ఇంకో కొస పులి నోట్లో పెట్టాను. పులి పీల్చింది. పీల్చింది, పీల్చింది, కుండ సగం ఖాళీ చేసి, కళ్ళు అరమూసి, "అమ్మా... బామ్మర్దీ... సల్లగుందిరా" అంది. నా ఛాతీ అంగుళం పెరిగింది. అత్త వైపు చూశాను. అత్త మొహం తిప్పుకుంది.

డోళ్ళవాళ్ళు వచ్చి వాయిద్యం మొదలెట్టారు. జనం చేరారు. రంగు ఇంకో ఘడియలో ఆరుతుందని తాత చెప్పి, తనూ ఒక లోటా తాగి, గోడవారన చేరబడ్డాడు. నేను కాసేపు లోపలికీ బయటికీ గర్వంగా తిరిగి, వచ్చి చూస్తే, పులి తల వాలిపోయి ఉంది. చేతులు వెదురు మీదే ఉన్నాయి. కాళ్ళు నిలబడే ఉన్నాయి. పొట్ట మీది పులి మొహం ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. దగ్గరికెళ్ళి చూశాను. నిద్ర. మామూలు నిద్ర కాదు, గంజాం జిల్లా మధ్యాహ్నపు నిద్ర. కొట్లకి తలుపులు వేయించే నిద్ర, ఎద్దుల్ని బండి కట్టే దగ్గరే నిలబెట్టేసే నిద్ర. కాగితంలో సున్నం ఉంది, ఇనుము ఉంది, దీని మాట ఎక్కడా లేదే!

"అప్పా" అన్నాను. అప్ప వచ్చి చూసి, చెంగు నోట్లో కుక్కుకుంది. ఎలా లేపాలి? ముట్టుకుంటే రంగు పోతుంది. నీళ్ళు చల్లితే చారలు కారిపోతాయి. పేరు పెట్టి పిలిస్తే మొక్కు చెడుతుంది. తాతని లేపి అడుగుదామంటే తాతే లేవలేదు. "డోళ్ళు గట్టిగా వాయించండర్రా!" అన్నాను. వాయించారు. గూట్లో పావురాలు లేచిపోయాయి, పక్కింటి పసిపిల్లలు లేచారు, పులి లేవలేదు. అప్ప నెత్తి కొట్టుకుంది. "ఆయన మిల్లులో ఇంజను పక్కన పడుకుని నిద్దరోయే మనిషిరా! ఆయనకిది జోలపాట! నువ్వెంత గట్టిగా వాయిత్తే అంత హాయిగా పడుకుంటాడు!" అంది. ఆపమనడానికి లేదు, పులి ముందు వాయిద్యం ఆగకూడదు, అశుభం. ఎదురింటి నీడ అప్పటికే కాలవ దాటింది. అది మా అరుగు తాకాక బయల్దేరితే పొద్దుగుంకేలోగా అమ్మవారిని చేరలేం. అప్ప ఆ నీడ వైపే చూస్తూ, పిల్లని గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది. అత్త లోపలికెళ్ళి నా ట్రంకుపెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టింది.

ఆపద చాలదన్నట్టు, వీధి మొగలో ఇంకో డోళ్ళ మోత. పక్క వీధి పులి! ఆయన మిఠాయి కొట్టు ఒడియా ఆయన, మంచి మనిషే, కానీ బావకి సగం పులని పేరు పెట్టింది ఆయన మనుషులే. రెండు పులులు ఎదురుపడితే ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి, ఎగిరి, గర్జించి, సత్తా చూపించుకోవాలి. మిఠాయి పులి వచ్చి మా అరుగు ముందు నేల గీరింది. ఎగిరింది. గర్జించింది. మా పులి కదల్లేదు. జనంలో ఒక ముసలాయన చేతులు జోడించి, "సూడండ్రా, లచ్చం సెయ్యట్లేదు. తపస్సులో ఉన్నాది పులి" అన్నాడు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. మిఠాయి పులి అనుమానంగా దగ్గరికొచ్చి మొహంలో మొహం పెట్టింది. సరిగ్గా అప్పుడు మా బావ గురకపెట్టాడు. ఆ గురక మిల్లు ఇంజను పక్కన పెరిగిన గురక. మిఠాయి పులి రెండడుగులు వెనక్కి గెంతింది. "గర్జన! అదీ గర్జనంటే!" అని జనం ఈలలు వేశారు. నేను ఆశ పడ్డాను, ఇలాగే సాయంత్రం దాకా గడిచిపోతుందేమోనని. కానీ అమ్మవారు మా అరుగు దగ్గరికి రాదు కదా.

మిఠాయి పులికి ఆయాసమొచ్చింది. ఎండలో పడి వచ్చాడు, రంగు కింద ఒళ్ళు మండుతోంది. అప్ప వైపు తిరిగి, "భొవుణీ, టికే పాణి దియొ... సెల్లీ, కొంచెం నీళ్ళు" అన్నాడు. గుమ్మంలోకొచ్చిన మనిషికి, అందులోనూ పులికి, ఒట్టినీళ్ళు ఇస్తారా? అప్ప కుండలోంచి అంబలి ముంచి, బొప్పాయి కాడ వేసి ఇచ్చింది. "అరె, మాండియా జావు! దొహి బి పొకాఇచొ!" (మాండియా అంటే వాళ్ళ భాషలో చోళ్ళు, పెరుగు కూడా వేశారే అని సంతోషం) అంటూ తాగాడు. ఇంకా కావాలన్నాడు. తాగాడు. ఒక్క క్షణం కూర్చుంటానన్నాడు. మా పులి కాళ్ళ దగ్గర, స్తంభానికి తోక చుట్టుకుని, మిఠాయి పులి కూడా నిద్రపోయింది.

అప్పుడు గొడవ పుట్టింది. "ఆమొ బాఘొకు కొణొ ఖుఆఇలొ? మా పులికేటి తినిపించేరు?" అని ఆ వీధి కుర్రాళ్ళు చొక్కా చేతులు పైకి మడిచారు. "మందెట్టేరు! ఆడనేక మందెట్టేరు!" మా వీధివాళ్ళు "మా పులి కూడా పడుకున్నాది కదేటి, మా పులికి మేమే ఎట్టుకుంటామేటి?" అన్నారు. "ఏమో, సగం పులి కదా, పరువు కోసం నిద్ర నటిస్తన్నాడేమో!" అన్నాడొకడు. ఆ మాటతో నాకు ఎక్కడలేని రోషమొచ్చింది. మందా? అంబలిలో మందా? కాగితం చేత్తో పట్టుకుని, అరుగు చివర తిరగేసి ఉన్న రోలు మీదెక్కాను. కుండ పక్కన పెట్టుకున్నాను.

"అయ్యలారా! భాయిమానే!" అని అరిచాను. "ఇందులో మందు నేదు! ఇదిగో, మీ ఎదరే తాగుతాను, సూడండి!" లోటా ఎత్తి గటగట తాగాను. పొద్దున్నుంచి ఆత్రంలో మెతుకు ముట్టలేదేమో, అది లోపలికి పోతుంటే ప్రాణం లేచొచ్చింది. ఇంకో లోటా ముంచాను. "ఇది కూలోళ్ళ కూడని నవ్వుతున్నారు! దీనిలో ఏముందో మీకు తెలుసా? బాదంపప్పు కొనగలిగినోడిదేనా బలం? పత్తిక్కాగితంలో పెద్దలు రాసినారు, నాను సదివినాను! అంబలిలో గుణాలు ఏవంటే, ఒకటి, సున్నం! ఎముకలకి! రెండు, ఇనుము! రక్తానికి! మూడు..."

కాగితం చినిగిన చోటికొచ్చాను. మూడోది ఏమై ఉంటుందా అని ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ఆలోచించాను. అంతే. ఆ తరవాత జరిగింది నాకు తెలియదు.

కళ్ళు తెరిచేసరికి వీధిలో దీపాలు పెడుతున్నారు. అరుగు మీద చాప, చాప మీద నేను, నా తల కింద నా ట్రంకుపెట్టె. పక్కన అత్త కూర్చుని విసనకర్రతో విసురుతోంది. వీధంతా ఖాళీ. "అత్తా, సికిటి బస్సు ఎలిపోనాదా?" అన్నాను. ఆవిడ విసనకర్రతో నెత్తి మీద ఒకటిచ్చి, నవ్వు ఆపుకోలేక, తను చూసిందీ, గుడి నుంచి ముందే పరుగెత్తుకొచ్చిన పిల్లలు చెప్పిందీ కలిపి మొత్తం చెప్పింది.

"మూడు" అని కళ్ళు మూసుకున్నానట. జనం మూడోదాని కోసం చూస్తున్నారట. నేను నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే, నరికిన అరటిచెట్టులా వంగి, రోలు మీంచి కింద డోళ్ళవాళ్ళ మీద పడ్డానట. పెద్ద డోలు తోలు చిరిగి నా తల అందులో దూరిందట. వాయిద్యం ఠక్కున ఆగిపోయింది. వీధి మొత్తం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, మధ్యాహ్నం నుంచి ఏ మోతకీ కదలని మా బావ, ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, "బెల్టు తెగిందా!" అని ఊరు అదిరేలా అరిచాడట. ఇంజను మోత మధ్య నిద్రపోయే మనిషిని లేపేది మోత కాదు కదా, మోత ఆగిపోవడం. ఆ అరుపుకి మిఠాయి పులి కెవ్వున లేచింది. రెండు పులులూ కళ్ళు నులుముకోబోయి, రంగు గుర్తొచ్చి, ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయట. నీడ అప్పటికి మా అరుగు తాకింది. అప్ప ఒక్కటే మాట అందట, "పొద్దు దిగిపోతన్నాది!" ఇక చూడాలి. ఒళ్ళు చల్లబడి, కంటినిండా నిద్రపోయి లేచిన రెండు పులులు! మిగిలిన డోళ్ళు వాటి వెనక పరుగెత్తలేకపోయాయట. ఎగిరిన ఎగురు, వేసిన పిల్లిమొగ్గ. వేరే వీధుల పులులు ఎండకి వాడిపోయి అరుగుల మీద కూలబడి ఉంటే, ఈ రెండూ వాటిని దాటుకుంటూ, పొద్దు ఇంకా చెట్ల మీద ఉండగానే అమ్మవారి ముందుకు చేరి సాష్టాంగపడ్డాయట. పిల్లని అమ్మవారి ముందు పడుకోబెట్టి లేపి, అప్ప ఏడ్చిందట. మిఠాయి పులే మా బావని భుజం మీదెత్తుకుని, "సగం పులి కాదర్రా, నిండు పులి!" అని అరిచిందట.

నేను కాచిన అంబలి. నేను తెచ్చిన బొప్పాయి కాడ. నేను పడ్డ డోలు. లోకంలో ఉన్నవాళ్ళంతా చూశారు, నేను తప్ప.

సరే, చూడలేదు, పేరైనా వచ్చిందా? మర్నాడు కొట్లో విన్నాను, కొడుక్కి అత్త తెల్లవారకముందే ఎవరికీ తెలియకుండా బాదంపాలు పట్టిందట, అందుకే అంత ఆట ఆడాడట! చెప్పింది ఎవరో కాదు, అత్తే. కంపరమెత్తిపోయి ఇంటికొచ్చి నిలదీశాను. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు, "మరేటి సెప్పమంతావు? నా కొడుకు కూలి కూడు తాగి గెలిసినాడని సెప్పనా?" అంది. అని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "గుంటడా, ఆ కుండలో అడుగునేటైనా మిగిలిందేటి?" అంది. గీకి పోశాను. తలుపు చాటున నిలబడి తాగింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో అందరికంటే పెద్ద గురక ఆవిడదే. వీధిలో మాత్రం ఏ కుర్రాడు ఎదురుపడినా, "పండితుడా, మూడోది ఏటి?" అని అడిగేవాడు. పెళ్ళి పీటల మీద కూడా అడిగారు. అడిగినవాళ్ళలో కొందరు ఇప్పుడు డబ్బాలు కొనుక్కుంటున్నారు. బాదంపాలని వీధి ఇప్పటికీ నమ్ముతోంది, ఈ అన్యాయం ఎక్కడ చెప్పుకోను? అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాను.

అత్త లేదు. అప్పకి చెవులు వినబడవు, నన్ను చూస్తే మాత్రం ఇప్పటికీ ట్రంకుపెట్టె వైపు చూపించి నవ్వుతుంది. బావ ఉన్నాడు. ఆ తాటిదూలం ఇప్పుడు మంచానికి సరిపోనంత సన్నబడింది. మిల్లు ఎప్పుడో మూసేశారు. పళ్ళు లేవు, అన్నం సహించదు. మధ్యాహ్నం వేళ నేనే వెళ్ళి అంబలి కాస్తాను, గరిటె లాక్కునేవాళ్ళెవరూ లేరు. బొప్పాయి కాడ వేసి ఇస్తాను. బావ పీల్చి, "సల్లగుందిరా బామ్మర్దీ" అని, వెంటనే పడుకుంటాడు. నేనూ తాగుతాను. సున్నం వస్తోంది, ఇనుము వస్తోంది, కాదనను, ఈ వయసులో కూడా నా ఎముకలు నా మాట వింటున్నాయి. ఆ మూడోది మాత్రం నా దగ్గరికి రావడం మానేసింది. ఆనాడు రెండు వీధుల జనం మధ్య రోలు మీద నిలబెట్టి పడేసిన నిద్ర, ఇవాళ పరుపు పరిచి, ఫ్యాను వేసి పిలిచినా రాదు. కళ్ళు తెరుచుకుని బావ పక్కన కూర్చుంటాను.

మొన్నటి చైత్రంలో వీధిలోంచి పులి ఒకటి వెళ్ళింది. డోళ్ళ మోతకి కిటికీ రెక్కలు అదిరాయి. బావ కదల్లేదు, మొహం ఇంకా హాయిగా మారింది. మోత మలుపు తిరిగి, తగ్గి, ఆగిపోయింది. బావ కనురెప్ప కదిలింది. "బెల్టు తెగిందేటిరా?" అన్నాడు, కళ్ళు తెరవకుండానే. "తెగనేదు బావా, పడుకో" అని, ఖాళీ లోటా ఒళ్ళో పెట్టుకుని, ఆయన మళ్ళీ గురకపెట్టేదాకా వేళ్ళతో నెమ్మదిగా దాని మీద వాయిస్తూ కూర్చున్నాను.